కూతకు వెళ్లే పిల్లాడికి ఏ పరీక్ష పెట్టాలి?

ప్రశ్న: మేడం, మా బాబుకి 14 ఏళ్లు. కబడ్డీలో రైడర్. ఏప్రిల్‌లో సెలక్షన్స్‌కి వెళ్తే ఉదయం పదిన్నరకి అందరికీ 12 నిమిషాల పరుగు పెట్టారు. వీడు 2,050 మీటర్లు పరుగెత్తాడు. ‘స్టామినా లేదు’ అని పంపించేశారు. బ్యాడ్మింటన్ ఆడే మా పాపకీ వాళ్ల కోచింగ్‌లో అదే పరీక్ష. అప్పటి నుంచి బాబుని రోజూ సాయంత్రం బీచ్‌లో మెత్తటి ఇసుక మీద ఐదు కిలోమీటర్లు పరుగెత్తిస్తున్నాను. ఇప్పుడు మడమ నొప్పి అంటున్నాడు. బద్ధకమా, నిజంగా నొప్పేనా?
– ఒక తండ్రి, పెదవాల్తేరు

జవాబు: బద్ధకం అనుకోకండి. ఇసుక పరుగు ఈ రోజే ఆపించండి. మగపిల్లల్లో చాలామంది గబగబా పొడుగయ్యే వయసు ఇది. మడమ వెనక, మోకాలి చిప్ప కింద ఎముక ఎదిగే చోటు ఇంకా గట్టిపడి ఉండదు, కండరాలు సరిగ్గా అక్కడే పట్టి లాగుతాయి. ఇసుకలో మడమ దిగబడిన ప్రతిసారీ పిక్క ఇంకా సాగుతుంది. నీళ్ల అంచున గట్టి ఇసుక మీద పరుగెత్తిద్దామా అంటే అక్కడ నేల సముద్రం వైపు వాలి ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. పైగా మెత్తటి ఇసుకలో పరుగుకి గట్టి నేల మీద కన్నా సుమారు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుంది. మీరు ఐదు కిలోమీటర్లు అనుకుంటున్నది వాడి ఒంటికి ఎనిమిది. ఎముకల డాక్టర్‌కి ఒకసారి చూపించండి. నెలకోసారి గోడకి ఆనించి ఎత్తు కొలిచి రాసుకోండి. ఎత్తు జోరుగా పెరుగుతున్న నెలల్లో పరుగు, గెంతులు తగ్గించాలి.

ఇక ఆ పరీక్ష సంగతి. 12 నిమిషాల పరుగుని 1968లో డాక్టర్ కెన్నెత్ కూపర్ అమెరికా వైమానిక దళం వాళ్ల కోసం ప్రచురించారు. లేబొరేటరీ లేకుండా, ఒకేసారి ఎక్కువమంది ఒళ్లు ఆక్సిజన్‌ని ఎంత వాడుకోగలదో అంచనా వేయడానికి. పరుగెత్తిన మీటర్లలోంచి 504.9 తీసేసి 44.73తో భాగిస్తే నిమిషానికి, కిలో బరువుకి ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజనో వస్తుంది. మీవాడికి దాదాపు 34.5. గొప్ప అంకె కాదు, దమ్ము పెంచుకోవాల్సిందే. కానీ ఆ లెక్క ఎదిగిన మగవాళ్ల మీద కట్టింది. పైగా మన విశాఖలో ఏప్రిల్ పదిన్నర అంటే ఎండతో పాటు ఉక్క. చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. రక్తం చర్మం వైపు మళ్లి కాళ్లకు అందేది తగ్గుతుంది. ఇదే పిల్లాడు జనవరి తెల్లవారుజామున పరుగెత్తితే అంకె మారుతుంది.

సెలక్షన్స్‌లో ఇబ్బంది నాకు తెలుసు. వందలమంది పిల్లలు, చేతిలో ఒక విజిల్, ఒక స్టాప్‌వాచ్. అయినా ఆ ఒక్క అంకె చూసి రైడర్‌ని ఇంటికి పంపడం అన్యాయమే. కూత 30 సెకన్లు. అందులో ఒంట్లో ఉన్నదంతా పెట్టేది కొన్ని క్షణాలు. వెనక్కి వచ్చి ఊపిరి పీల్చుకుని, పట్టు పట్టి, మళ్లీ కూతకి. ఈ పిల్లాడిలో నేను చూసేది మూడు: నిలబడ్డ చోటు నుంచి మొదటి 10 మీటర్లు, పరుగెత్తి గీత తాకి వెనక్కి తిరగడం, అలసిపోయాక కూడా అదే వేగం ఉందా లేదా అన్నది. మూడోదానికి 35 మీటర్ల పరుగు ఆరుసార్లు, మధ్యలో పది సెకన్లే విరామం. మొదటి పరుగుకీ ఆరో పరుగుకీ మధ్య టైమ్ ఎంత పెరిగిందో అదే కబడ్డీకి కావాల్సిన స్టామినా. నొప్పి పూర్తిగా తగ్గి, డాక్టర్ సరేనన్నాకే ఇవి.

10 మీటర్లకి మాత్రం స్టాప్‌వాచ్ నమ్మకండి. రెండు సెకన్ల పరుగులో పిల్లలకీ పిల్లలకీ తేడా పదో వంతు సెకను. బొటనవేలు చేసే తప్పు అంతకన్నా ఎక్కువ. ఫోన్‌ని పక్కన కదలకుండా నిలబెట్టి స్లోమోషన్‌లో తీసి చూడండి. మొదటి వారంలోనే ఒకే పరీక్ష రెండు రోజులు పెట్టండి. ఏ సాధనా లేకుండా రెండిటికీ ఎంత తేడా వస్తుందో తెలుస్తుంది. తర్వాత వచ్చే మార్పు దాన్ని దాటితేనే మెరుగైనట్టు. అదే గ్రౌండ్, అదే వేళ, అవే బూట్లు, ముందు రోజు విశ్రాంతి.

పాపకి గోడ పక్కన చాక్‌పీస్ పట్టుకుని ఎగిరే ఎత్తు, షటిల్ లేకుండా కోర్టులో ఆరు చోట్లు (నాలుగు మూలలు, రెండు పక్కల మధ్యలు) తాకి వచ్చే టైమ్ చాలు.

ప్రశ్న: నాకు 16 ఏళ్లు. జ్యోతి యర్రాజీ గారిలా హర్డిల్స్ చేయాలని ఉంది. 100 మీటర్లు 13.6 సెకన్లు. పనికొస్తానా?
– ఒక విద్యార్థిని, గోపాలపట్నం

జవాబు: తప్పకుండా ప్రయత్నించు తల్లీ. మన విశాఖ అమ్మాయి 2023లో 12.78 సెకన్లు చేసింది, అదీ పది హర్డిల్స్ మీదుగా. అయితే ఆ అంకె పక్కన నీ అంకె పెట్టుకోకు. మొదటి హర్డిల్ 13 మీటర్ల దగ్గర, ఆ తర్వాత ప్రతి రెండిటి మధ్యా 8.5 మీటర్లు. ఆ మధ్యలో మూడు అడుగులే పడాలి. నీకు మూడు పడుతున్నాయా, నాలుగా, ఐదా? అది చెప్పు ముందు. మూడు పడకపోతే మీ కోచ్‌ని అడిగి దూరం తగ్గించి పెట్టించుకో. మీ వయసుకి హర్డిల్ ఎత్తు 76.2 సెంటీమీటర్లు, పెద్దవాళ్లది 83.8. తొందరపడి పెద్దవాళ్ల ఎత్తు మీద ఎగరొద్దు.

ప్రశ్న: మేమంతా నలభై దాటినవాళ్లం. ఆదివారం క్రికెట్ ఆడతాం. మాలో మేం యో-యో టెస్ట్ పెట్టుకుందామనుకుంటున్నాం, 16.1 స్కోరు దాటాలని పందెం.
– మిత్రబృందం, ఎంవీపీ కాలనీ

జవాబు: దయచేసి ఆ పందెం మానేయండి. డెన్మార్క్‌కి చెందిన యెన్స్ బాంగ్స్‌బో ఆ పరీక్షని క్రీడాకారుల కోసం తయారుచేశారు. 20 మీటర్లు వెళ్లి రావడం, పది సెకన్ల విరామం, బీప్‌లకు తగ్గట్టు అంచెలంచెలుగా వేగం పెంచుకుంటూ ఇక కాళ్లు కదలవు అనేదాకా సాగుతుంది. వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం గుండెని ఆ అంచుకి తీసుకెళ్లకూడదు, అందులోనూ పందెం ఉంటే ఛాతీలో పట్టేసినా ఎవరూ ఆగరు. ముందు అందరూ బీపీ, షుగర్ చూపించుకుని, డాక్టర్‌తో మాట్లాడండి. అప్పటిదాకా 1.6 కిలోమీటర్లు వేగంగా నడిచి, టైమ్, ఆగిన వెంటనే నాడి రాసుకోండి. మీలో ఇద్దరైనా సీపీఆర్ నేర్చుకోండి. ఆటలో ఎవరైనా కుప్పకూలితే నీళ్లు చల్లుతూ కూర్చోకుండా ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.