బంతి ముట్టని గార్డ్‌కి ఒక్క ఆటకి 500 డాలర్లు ఎందుకిచ్చారు?

మీరడిగింది పజ్ హెఫెల్‌ఫింగర్ గురించే. గార్డ్ అంటే ముందు వరుసలో నిలబడి ఎదుటివాళ్లను అడ్డుకునే ఆటగాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో డబ్బు పుచ్చుకుని ఆడినట్టు కాగితం మీద రుజువున్న మొదటి ఆటగాడు ఆయన. 1892 నవంబర్ 12న అలెగెనీ అథ్లెటిక్ అసోసియేషన్ తరఫున పిట్స్‌బర్గ్ అథ్లెటిక్ క్లబ్ మీద ఆడాడు. అలెగెనీ క్లబ్ జమాఖర్చుల్లో ఆయన పేరున 500 డాలర్లు, దారిఖర్చులకు మరో 25 కనిపిస్తాయి. అవన్నీ పోను క్లబ్‌కి 621 డాలర్లు మిగిలాయి. కాబట్టి ఇచ్చినవాళ్లు నష్టపోలేదు.

ఇక లైన్‌మన్‌కే, అంటే ముందు వరుస ఆటగాడికే ఎందుకంటే, ఆనాటి నియమాలు చూడాలి. ముందుకు పాస్ విసరడం నిషేధం. మూడు ప్రయత్నాల్లో బంతిని 5 గజాలు ముందుకు తీసుకెళ్లాలి. అంటే ప్రతి గజమూ ఎదుటి వరుసను పగలగొట్టి తెచ్చుకోవాల్సిందే. యేల్ విశ్వవిద్యాలయం జట్టులో 1888 నుంచి 1891 దాకా ఆడిన హెఫెల్‌ఫింగర్ అందులో ఘనుడు. ఆయన ఆడిన మొదటి ఏడాదే యేల్ 698 పాయింట్లు చేసి ఒక్కటీ ఇవ్వలేదు.

ఆయన ప్రత్యేకత, గార్డ్ తన చోటు వదిలి పక్కకు పరుగెత్తి, బంతి పట్టినవాడికి ముందుండి దారి తీయడం. దీన్నే ఇప్పుడు పుల్లింగ్ అంటున్నారు. చెప్పినంత తేలిక కాదు. బంతి కదలగానే మొదటి అడుగు పక్కకు పడాలి. నిటారుగా లేచి తిరిగితే ఆలస్యమై వెనకొచ్చే సొంత ఆటగాడే వీపుకి గుద్దుకుంటాడు. ముందే ఆ వైపు ఒరిగితే ఎదుటివాడు పసిగడతాడు. పైగా గార్డ్ వదిలిన సందును పక్కవాడు మూయకపోతే, అందులోంచి దూరినవాడు బంతిని వెనకాలే ఆపేస్తాడు. భారీ మనిషికి ఇంత చురుకుదనం అరుదు, ఆ సొమ్ము దానికే అని నా నమ్మకం.

అయినా ఆ రోజు జట్టును గెలిపించింది రక్షణలో, అంటే బంతి ఎదుటివాళ్ల దగ్గర ఉన్నప్పుడే. అప్పట్లో అదే పదకొండుమంది రెండు వైపులా ఆడాలి. ప్రత్యర్థి చేతిలోంచి జారిన బంతి అందుకుని పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు, అంటే ఎదుటివాళ్ల గోల్ గీత దాకా చేర్చాడు. టచ్‌డౌన్‌కి అప్పుడు 4 పాయింట్లే, స్కోరు 4-0.

తర్వాత 1893లో కాలిఫోర్నియా, 1894లో లీహై, 1895లో మిన్నెసోటా విశ్వవిద్యాలయాల జట్లకు కోచ్‌గా ఉన్నాడు. ఆ 500 డాలర్లు రాసిన అలెగెనీ క్లబ్ లెక్కల కాగితం ఒహాయో రాష్ట్రం కాంటన్‌లోని ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో భద్రంగా ఉంది. ఆయన మాత్రం 1951లో కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.