మీరడిగారు: గడ్డం, మీసం, మంగలి కత్తి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు గడ్డం గురించే. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబులు ఇస్తున్నాం.

మా తాతగారి గడ్డం వారం తిరిగేసరికి పెరిగి ఉంటే ‘ఏం బాబూ, ఇంట్లో ఏమైనా అయిందా?’ అని ఊరంతా అడిగేదట. మా అబ్బాయి పెళ్లి పీటల మీద కూడా గడ్డంతోనే కూర్చున్నాడు. గడ్డానికి మర్యాద ఎప్పుడు పోయింది, ఎప్పుడు తిరిగొచ్చింది? (రాజాం)

ఒకసారి పోయి ఒకసారి వచ్చింది కాదు, పోతూ వస్తూనే ఉంది. దాన్ని మార్చింది చాలాసార్లు జనం ఇష్టం కాదు. పైనుంచి వచ్చిన హుకుమో, చేతికి అందిన కొత్త కత్తో మార్చింది.

యుద్ధంలో శత్రువు చేతికి గడ్డం పట్టులా దొరుకుతుందని అలెగ్జాండర్ తన సైనికుల చేత గీయించాడని పాతకాలపు గ్రీకు రచయిత ప్లుటార్క్ రాశాడు. ఆ తర్వాత రోమన్లలో పెద్దమనిషి అంటే నున్నటి ముఖమే. సా.శ. 117లో గద్దెనెక్కిన హేడ్రియన్ చక్రవర్తి గడ్డం పెంచేసరికి రోమ్‌లో మళ్లీ అదే అందమైంది. రష్యాలో పీటర్ చక్రవర్తి పశ్చిమ యూరప్ చూసొచ్చి, 1698లో దర్బారు పెద్దల గడ్డాలు కత్తిరించాడు. 1705లో పన్ను వేశాడు: పెద్ద వర్తకుడికి ఏడాదికి 100 రూబుళ్లు, రైతుకైతే పట్నం గుమ్మం దాటిన ప్రతిసారీ ఒక కోపెక్. పన్ను కట్టినవాడికి రుజువుగా ఒక బిళ్ల ఇచ్చేవారు. ఆ పన్ను 1772 దాకా నడిచింది.

మన వైపు కథ వేరు. వంశధార ఒడ్డున శాలిహుండంలోనూ, విజయనగరం దగ్గర రామతీర్థం కొండల మీదా బౌద్ధ భిక్షువులు ఉండేవారు. బౌద్ధంలో భిక్షువుకు సొంతమని చెప్పుకోదగ్గ వస్తువులు ఎనిమిదే, వాటిలో ఒకటి క్షౌరకత్తి. గృహస్థుల సంగతికొస్తే, ఊరి మంగలి పొది పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాడు, కూలి పంట మీద ‘మేర’గా గింజల్లో ముట్టేది. గీయించుకోవడం మామూలు కాబట్టే గీయించుకోకపోవడం ఒక కబురయ్యేది: ఇంట్లో మైలో, భార్య గర్భిణో, దీక్షో, జబ్బో. మీ తాతగారిని ఊరు అడిగిందంటే అందుకే.

ఇక హుకుం ఎంత దూరం పోతుందో చూపించింది వెల్లూరు. ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు సైన్యంలో సిపాయిలు గడ్డం నున్నగా గీసుకోవాలనీ, మీసం అందరికీ ఒకే కొలతలో ఉండాలనీ, కవాతులో నొసట బొట్టు, చెవులకు పోగులు ఉండకూడదనీ కొత్త నిబంధన పెట్టారు. దానికి తోడు తోలు బిళ్లతో కొత్త తలపాగా. గడ్డం ముస్లింలను, బొట్టు హిందువులను, తోలు ఇద్దరినీ నొప్పించాయి. 1806 జులై 10 తెల్లవారకముందే వెల్లూరు కోటలో తిరుగుబాటు లేచింది. ఆర్కాటు నుంచి గుర్రపు దళం వచ్చి ఆ రోజే అణిచేసింది. రెండు వైపులా వందల మంది పోయారు. నిబంధనలు వెనక్కి తీసుకున్నారు, గవర్నర్ బెంటింక్‌నూ, సేనాధిపతి క్రేడక్‌నూ ఇంగ్లండు వెనక్కి పిలిచింది. తిరుగుబాటుకు ఇతర కారణాలూ ఉన్నాయి గానీ, నిప్పు అంటుకుంది మాత్రం తల దగ్గరే. విచిత్రం ఏమిటంటే, మరో యాభై ఏళ్లకు క్రిమియా యుద్ధం నుంచి గడ్డాలతో తిరిగొచ్చిన తమ సైనికులను చూసి లండన్ దొరలే గడ్డాలు పెంచారు!

రోజూ గీసుకోవడం ఇంటి పని అయింది జిల్లెట్ బ్లేడుతో. 1903లో అమ్ముడైనవి 51 రేజర్లు, మరుసటి ఏడాది 90 వేలు దాటాయి. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా తన సైనికులకు లక్షల్లో పంచింది. వాళ్లు ఇళ్లకు తిరిగొచ్చినా ఆ అలవాటు పోలేదు. ఆఫీసుకు నున్నటి ముఖంతో రావాలన్న పట్టుదల ఇరవయ్యో శతాబ్దానిదే, సనాతనమేమీ కాదు. మీ అబ్బాయిని ఏమీ అనకండి.

ఊరికే గీస్తూ ఉంటే గడ్డం మందంగా వస్తాదంటారు. నిజమా? (బొబ్బిలి)

కాదు. వెంట్రుక పుట్టేది చర్మం కింద కుదురులో, బ్లేడు అక్కడికి వెళ్లదు. పెరిగిన వెంట్రుక కొస సన్నగా ఉంటుంది, కోసినది మొండిగా ఉంటుంది. అందుకే తడిమితే గరుగ్గా, చూస్తే నల్లగా కనిపిస్తుంది. 1928లోనే కొలిచి తేల్చిన సంగతి ఇది. గడ్డం రోజుకు దాదాపు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు పెరుగుతుంది, గీసినా గీయకపోయినా అంతే. ఇరవై ఏళ్లకు బుగ్గల మీద అతుకులతుకులుగా ఉంటే కంగారొద్దు. చాలామందికి ముప్ఫై దగ్గరపడే వరకూ నిండుతూనే ఉంటుంది.

పైడిభీమవరం దగ్గర మందుల కంపెనీలో చేరాను. గడ్డం ఉంటే కొన్ని సెక్షన్లలోకి రానివ్వం అంటున్నారు. ఇది పెత్తనమా, నిజంగా అవసరమా? (రణస్థలం)

ఏ మాస్కు ఇస్తున్నారన్న దాన్ని బట్టి. గుడ్డ మాస్కో, గడ్డం మీద వేసే వలో అయితే తీయనక్కర్లేదు. ఆవిర్లు, పొడి ఆపడానికి ముఖానికి అతుక్కునే రబ్బరు మాస్కు అయితే తీయాల్సిందే. దాని అంచు చర్మానికి ఆనాలి. మధ్యలో వెంట్రుకలుంటే, మీరు పీల్చిన గాలి వడపోత డబ్బాలోంచి రాదు, సులువుగా దారి దొరికిన ఆ సందులోంచి వస్తుంది. నిన్న గీసిన మొలక కూడా గాలి కారడానికి చాలు. అందుచేత డ్యూటీ ఉన్న రోజే గీసుకోండి.

మాస్కు పెట్టుకున్నాక రెండు డబ్బాలనూ అరచేతులతో మూసి, మెల్లగా పీల్చి, పది సెకన్లు ఆగండి. మాస్కు కాస్త లోపలికి నొక్కుకుని అలాగే ఉంటే సరే. వదులైపోతే పట్టీలు సర్ది మళ్లీ చూడాలి. మీసం మాస్కు లోపలే ఇమిడి, కవాటానికి తగలకపోతే ఉంచుకోవచ్చు. మతాచారం వల్ల గడ్డం తీయలేనివారికి ఫ్యానుతో గాలి పంపే తలముసుగు రకం ఉంది. సేఫ్టీ ఆఫీసర్‌ని అడగండి.

పలాసలో జీడిపిక్కల పనిలో ఉన్నాను. గీసిన రెండో రోజుకు మెడ మీద ఎర్రటి పొక్కులు వస్తున్నాయి. ఏం చేయాలి? (పలాస)

మూడు అనుమానాలున్నాయి. ముందు మీ పనినే అనుమానించాలి. జీడిపిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాల్చి బొబ్బలెక్కిస్తుంది. ఆ చేత్తో మెడ గోక్కుంటే అక్కడా అంతే, అప్పుడే గీసిన చర్మమైతే మరీను. పనికి ముందు చేతులకు ఆముదం రాసుకోవడం, పని అయ్యాక సబ్బుతో బాగా కడుక్కుని గానీ ముఖం ముట్టుకోకపోవడం, గీసుకోవడం పనయ్యాకే పెట్టుకోవడం.

రెండోది, వెంట్రుక లోపలికి తిరగడం. ఎక్కువమందికి ఇదే. రింగుల జుట్టువాళ్లకు మరీ ఎక్కువ. చర్మాన్ని గట్టిగా లాగి, నాలుగైదు బ్లేడుల రేజరుతో ఎదురు గీస్తే, వెంట్రుక చర్మం మట్టం కంటే కిందకు తెగుతుంది. పెరిగేటప్పుడు వంకర తిరిగి పక్కనున్న చర్మంలో గుచ్చుకుంటుంది. పొక్కులు తగ్గే వరకూ, అంటే మూడు నాలుగు వారాలు, బ్లేడు మానేసి ట్రిమ్మరుతో ఒక మిల్లీమీటరు ఉంచండి. లోపలికి తిరిగిన వెంట్రుక కనిపిస్తే సూదితో కొసను పైకి లేపి వదిలేయండి, పీకొద్దు. పీకితే మళ్లీ లోపలినుంచే వస్తుంది.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు గోరువెచ్చని నీళ్ల గుడ్డ రెండు మూడు నిమిషాలు వేసి, బ్రష్‌తో నురుగు పట్టించి ఒక నిమిషం ఆగండి. వెంట్రుకలు ఎటు వాలి ఉన్నాయో ముందు వేలితో తడిమి చూడాలి. మెడ మీద అవి కిందికే ఉంటాయనుకోవద్దు. చాలామందికి పక్కకి, కొందరికి పైకి కూడా ఉంటాయి. అవి వాలిన వైపే, ఒంటి బ్లేడుతో, 30 డిగ్రీల వాలులో, నొక్కకుండా ఒక్కసారి గీయండి. ఐదారు సార్లకు బ్లేడు మార్చాలి. తర్వాత చన్నీళ్లు, తడి పటిక పది సెకన్లు, మళ్లీ కడగడం. పటికను ముఖం మీదే ఆరనిస్తే చర్మం బిగిసి మండుతుంది.

మూడోది తామర. ఉంగరంలా గుండ్రంగా, దురదతో ఒక పక్కనే వచ్చి, వెంట్రుకలు నొప్పి లేకుండా ఊడొస్తుంటే అదే కావచ్చు. మన ఉక్కలో మామూలే. మెడికల్ షాపులో అడిగి తెచ్చే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు రాస్తే వారం బాగున్నట్టుండి తర్వాత విరుచుకుపడుతుంది. చర్మ వైద్యుడికే చూపించండి.

సెలూన్‌కి వెళ్తే ఏం చూసుకోవాలి? (టెక్కలి)

బ్లేడు కాగితంతో సహా మీ ఎదురుగా సగానికి విరిచి పెట్టాలి. ఇంతకుముందే పెట్టి ఉన్న కత్తి వద్దనండి, మొహమాటం అక్కర్లేదు. హెపటైటిస్-బి వైరస్ ఎండిన నెత్తుటిలో వారం రోజులైనా బతికి ఉంటుంది. కత్తిని డెటాల్ నీళ్లలో ముంచి తీసినంత మాత్రాన, బ్లేడు కూర్చునే గాడిలోని మురికి పోదు, సబ్బుతో తోమాలి. అందరికీ ఒకే పటిక రుద్దే చోట, మీ ముక్క మీరు జేబులో తీసుకెళ్లండి. గీసేవారికీ తెగుతూనే ఉంటుంది కాబట్టి, హెపటైటిస్-బి టీకా ఆరు నెలల్లో మూడు మోతాదులు వాళ్లూ వేయించుకోవాలి.

అయ్యప్ప మాల తీసిన రోజు గడ్డం తీస్తే ముఖమంతా మంట. ఎందుకు? (విజయనగరం)

41 రోజుల గడ్డం ఒకటిన్నర సెంటీమీటరు దాకా ఉంటుంది. దాని మీద నేరుగా బ్లేడు పెడితే వెంట్రుకలు తెగకముందు బ్లేడుకి చిక్కి లాగుతాయి, దాంతో చర్మం పైకి లేచి తెగుతుంది. ముందు కత్తెర, తర్వాత ట్రిమ్మరుతో రెండు మిల్లీమీటర్లకు తగ్గించి, కడిగి, అప్పుడు కొత్త బ్లేడు. ఇన్నాళ్లూ ఎండ తగలని చర్మం కాబట్టి, రెండ్రోజులు మధ్యాహ్నపు ఎండలో తిరక్కండి. ఇక దీక్షలో రెండో వారానికి మొదలయ్యే దురదకు రోజూ గడ్డం కుదుళ్ల దాకా కడిగి, తడి ఆరాక నాలుగు చుక్కల కొబ్బరినూనె చాలు.