బండికి బిగించిన సామానే మీ సాక్ష్యం

ప్రశ్న: మాది కావలి. 2012 నాటి చిన్న కారు వాడుతున్నాను. ముందు చక్రాల దగ్గర కుదుపును ఆపే గొట్టాలు (స్ట్రట్లు), వెనక షాక్ అబ్జార్బర్లు అరిగిపోయాయని చెబితే ఒంగోలులో ఒక షెడ్డులో నాలుగూ మార్పించాను. ఇది జరిగి 20 నెలలు దాటింది. మొత్తం రూ.24,500 అయింది. రూ.18,000 ఫోన్‌లో పంపాను, మిగతాది చేతికిచ్చాను. తెల్లకాగితం మీద మొత్తం మాత్రమే రాసిచ్చారు. నాలుగు నెలలకే ఎడమవైపు ముందు స్ట్రట్ నుంచి ఆయిల్ కారింది, ముందు టైర్లు రెండూ లోపలి అంచున అరిగిపోయాయి. వాట్సాప్‌లో ఫొటో పంపితే ‘తీసుకురండి, చూద్దాం’ అన్నారు. వెళ్లిన ప్రతిసారీ వచ్చే నెల చూద్దామన్నారు. కావలిలో ఒక మెకానిక్ విప్పి చూసి, బోల్టులు బిగించి పంపాడు. చివరికి షెడ్డు యజమాని ‘పాత బండి, మీ రోడ్లు అలాంటివి’ అంటూ నా భార్య ముందే అవమానించాడు. పాతవాటికి రంగు వేసి బిగించారని నా అనుమానం. ఛీటింగ్ కేసు పెట్టవచ్చా? రూ.5 లక్షల పరిహారం అడగవచ్చా? తెలిసిన స్పేర్ పార్టుల దుకాణదారు సామాను పేర్లు, ధరలతో పాత తేదీ వేసి బిల్లు ఇస్తానంటున్నాడు. మెకానిక్ రేపే కొత్తవి బిగిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: షెడ్డు యజమాని అన్న మాటలు మిమ్మల్ని బాధించి ఉంటాయి. ఆ మాటలు ఈ కేసును తేల్చవు. బండి పాతదా, మీ రోడ్లు గతుకులమయమా అన్నవి కూడా తేల్చవు. తేల్చేది ఒక్కటే. ఈ రోజు మీ కారుకు ఉన్న స్ట్రట్, ఆ షెడ్డులో ఆ రోజు బిగించినదేనా, అయితే అది కొత్తదా, పాతదాన్ని బాగుచేసినదా? దీనికి జవాబు మీ కాగితంలో లేదు, వాట్సాప్‌లోనూ పూర్తిగా లేదు. కారు కింద ఉన్న ఆ ఇనుప గొట్టం మీదే ఉంది. తయారీదారు ముద్ర, పార్టు నంబరు, ఉంటే తయారైన నెల, రంగు కింద దాగిన పాత తుప్పు, ఆయిల్ సీలు దగ్గర చెమ్మ, ఇవన్నీ అక్కడే చదవాలి. కాబట్టి మెకానిక్‌ను రేపు రావద్దని చెప్పండి. అతను వాటిని విప్పి పాత ఇనుములో పడేస్తే, ఆ తరువాత ఎంత పెద్ద వకీలును పెట్టుకున్నా నిరూపించడానికి మీ చేతిలో ఏమీ మిగలదు.

మీ అజాగ్రత్తను కూడా చెప్పక తప్పదు. స్ట్రట్లు, షాకులు నాలుగూ మార్పిస్తూ విప్పిన పాతవాటిని చూపించమనలేదు, కొత్తవాటి పెట్టెలు అడగలేదు, సామాను ధర, కూలి విడివిడిగా రాసిన బిల్లు కోరలేదు. అంతకన్నా పెద్ద పొరపాటు మధ్యలో మరొకరి చేత విప్పించడం. ‘మేము బిగించినవి బాగానే ఉన్నాయి, కావలి మెకానిక్ మార్చేశాడు’ అని ఎదుటి పక్షం వాదించడానికి మీరే తలుపు తెరిచారు. దాన్ని మూయాలంటే ఆ మెకానిక్ చేత అఫిడవిట్ రాయించాలి. ఏ తేదీన ఏ బోల్టు తీశాడు, ఏ భాగం తాకలేదు, ఆయిల్ ఎక్కడ చూశాడు అన్నది అందులో స్పష్టంగా ఉండాలి.

గడువు సంగతి ఇంకా తొందరపెట్టేది. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం (ఫిర్యాదుకు దారితీసిన సంఘటన) ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు వేయాలి. లోపం బయటపడిన రోజు నుంచి లెక్క వేయాలని వాదించవచ్చు గాని, ఆ వాదన మీద ఆధారపడకుండా బిగించిన రోజు నుంచే లెక్కించుకోండి. ఆ లెక్కన మీకు నాలుగు నెలలు కూడా లేవు. ‘వచ్చే నెల రండి’ అన్న మాటలు గడువును పొడిగించవు, మీరు పంపే నోటీసు కూడా పొడిగించదు. ఆలస్యానికి తగిన కారణం చూపితే వినియోగదారుల కమిషన్ మన్నించవచ్చు. అయితే అది మీ హక్కు కాదు, కమిషన్ విచక్షణ.

ఇక పాత తేదీ బిల్లు. దాన్ని ముట్టుకోవద్దు. మొదట, అది మీ కేసునే కూలుస్తుంది: సామాను వేరే దుకాణంలో కొన్నట్టు మీ బిల్లే చెబుతుంటే, ఆ సామాను లోపానికి ఒంగోలు షెడ్డు ఎందుకు జవాబు చెప్పాలి? రెండవది, జిల్లా కమిషన్ ముందు జరిగే విచారణను చట్టం న్యాయ విచారణగానే పరిగణిస్తుంది. అందులో వాడటానికి అబద్ధపు పత్రం పుట్టించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 228 కిందకు వస్తుంది, సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. ఇచ్చే దుకాణదారుకూ, వాడే మీకూ ఇదే ప్రమాదం. నిజానికి బిల్లు లేకపోవడం మీకు అనుకూలంగానే మలచుకోవచ్చు. వస్తువుకు, సేవకు బిల్లు ఇవ్వకపోవడం 2019 చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. బాగుచేసిన పాత సామానును కొత్తదని నమ్మించడం కూడా అదే సెక్షన్ కిందకు వస్తుంది.

ఛీటింగ్ కేసు గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. డబ్బు తీసుకున్న క్షణానికే మోసపు ఉద్దేశం ఉందని చూపాలి. నిపుణుడి నివేదిక లేకుండా పోలీస్ స్టేషన్‌కు వెళితే సివిల్ వివాదమని పంపేస్తారు, మీ నాలుగు నెలలూ అక్కడే కరిగిపోతాయి.

మీరు గమనించని బలమైన అంశం మరొకటి ఉంది. ముందు టైర్లు లోపలి అంచున అరిగాయన్నారు. స్ట్రట్ మార్చేటప్పుడు దాన్ని చక్రం భాగానికి కలిపే బోల్టులు విప్పక తప్పదు కనుక, తిరిగి బిగించాక వీల్ అలైన్‌మెంట్, అంటే చక్రాలు సరైన కోణంలో ఉన్నాయా అన్నది చూడాలి. చూడకపోతే టైరు ఒక అంచునే తింటుంది. షాక్ పట్టు తప్పితే టైరు మీద అక్కడక్కడా గుంటలు పడతాయి. అంటే సామాను పాతదని నిరూపించలేకపోయినా, పనిలో లోపాన్ని నిరూపించే అవకాశం మీకుంది. సామాను లోపం, సేవా లోపం అని ఫిర్యాదులో రెండింటినీ వేరువేరుగా రాయండి. ఆ టైర్లు మార్చినా పారేయకండి.

చేయవలసిన పని ఇది. మీ కారు కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌లో గాని, లైసెన్సు ఉన్న మోటారు సర్వేయరు చేత గాని పరీక్ష చేయించండి. నివేదికలో చాసిస్ నంబరు, కిలోమీటర్ల రీడింగు, స్ట్రట్‌ల మీది ముద్రలు, అలైన్‌మెంట్ కొలతలు, ఫొటోలు ఉండాలి. ఆ పరీక్షకు ముందే షెడ్డు యజమానికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, ఫలానా తేదీన హాజరై చూసుకోమని కోరండి. రాకపోతే ఆ నిరాకరణే మీకు పనికొస్తుంది. ఆయిల్ కారిన స్ట్రట్‌తో హైవే మీద వేగంగా నడపడం ప్రమాదం, బ్రేకు వేసినప్పుడు బండి ఆగే దూరం పెరుగుతుంది. కాబట్టి అంతవరకు కారును ఇంటి దగ్గరే ఉంచండి. పరీక్ష అయ్యాక కొత్తవి బిగించుకోవచ్చు. విప్పినవాటిని మాత్రం ఇద్దరు సాక్షుల సంతకాలతో సీలు వేసి మీ దగ్గరే దాచండి. ఒక్క ఎడమదే మారిస్తే రెండు వైపుల పట్టు తేడాగా ఉంటుంది, కాబట్టి ముందు జతనంతా మార్చి పక్కా బిల్లు తీసుకోండి. ఆ ఖర్చును కూడా క్లెయిమ్ చేయవచ్చు.

ఫోన్ మార్చకండి, ఆ వాట్సాప్ సంభాషణ తుడపకండి. నాలుగు నెలలకే మీరు ఫిర్యాదు చేశారని చూపేది అదొక్కటే. దాని ప్రతితో పాటు భారతీయ సాక్ష్య అధినియమం 2023, సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయండి. ఫోన్ చెల్లింపు రసీదులో డబ్బు అందుకున్నవారి పేరు ఉంటుంది. షెడ్డు బోర్డు పేరు కన్నా, ఎవరి మీద కేసు వేయాలో చెప్పేది అదే.

షెడ్డు ఒంగోలులో ఉన్నా మీరు నివసించేది కావలిలో కనుక సెక్షన్ 34 ప్రకారం నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపే కనుక ఫీజు లేదు. మీరే స్వయంగా వాదించుకోవచ్చు. ఇచ్చిన సొమ్ము, టైర్ల ధర, పరీక్ష ఖర్చు, న్యాయమైన పరిహారం అడగండి. అవమానానికి రూ.5 లక్షలు అడిగితే మిగతా లెక్కల మీదా నమ్మకం పోతుంది. నోటీసు అందాక యజమాని రాజీకి వస్తే, కొత్త సామాను ముద్రలు, నంబర్లు, వారంటీ రాతపూర్వకంగా తీసుకుని ఒప్పుకోండి. 15 రోజుల్లో రాకపోతే మరో మాట వినకుండా ఫిర్యాదు దాఖలు చేయండి.