ఎలక్ట్రోకెమిస్ట్రీలో ఇంకా చేయడానికి ఏముంది?

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రసాయన చర్యలకూ విద్యుత్తుకూ ఉన్న సంబంధాన్ని చదివే ఎలక్ట్రోకెమిస్ట్రీ అంటే ఇష్టమే కానీ ఘటంలోని రెండు ధ్రువాల, అంటే ఆనోడు, కాథోడుల ప్లస్, మైనస్ గుర్తుల దగ్గర ప్రతిసారీ తికమక పడుతున్నాను. అదంతా పంతొమ్మిదో శతాబ్దంలోనే తేలిపోయిన శాస్త్రమని, కొత్తగా చేయడానికి ఏమీ లేదని నాన్నగారు అంటున్నారు. పీజీలో దీన్ని ఎంచుకోవచ్చా? గణితం ఎంతవరకు రావాలి?

జవాబు: ముందు తికమక సంగతి తేల్చేద్దాం. మీరు ప్లస్, మైనస్‌లను పట్టుకుని ఆనోడును గుర్తుపెట్టుకోవాలని చూస్తున్నారు. చిక్కంతా అక్కడే వస్తోంది. ఆక్సీకరణం (ఎలక్ట్రాన్లను కోల్పోవడం) జరిగే చోటు ఆనోడు, క్షయకరణం (ఎలక్ట్రాన్లను పొందడం) జరిగే చోటు కాథోడు. ఇది ఏ ఘటంలోనూ మారదు. విద్యుత్తును ఇచ్చే గాల్వానిక్ ఘటంలో చర్య తనంతట తానే ఎలక్ట్రాన్లను ఆనోడు నుంచి బయటికి నెడుతుంది కాబట్టి అది రుణధ్రువం. బయటి విద్యుత్తుతో చర్య జరిపించే విద్యుద్విశ్లేషణలో వాటిని బయటి నుంచి లాగుతాం కాబట్టి అదే ధనధ్రువం అవుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. బ్యాటరీ రంగంలో రుణధ్రువాన్ని చార్జింగ్ సమయంలో కూడా ఆనోడు అనే పిలుస్తారు. నిర్వచనం ప్రకారం అప్పుడది కాథోడు. పరిశోధనా పత్రాల్లో ఇది కనిపించినప్పుడు మీ లెక్క తప్పిందని కంగారు పడకండి.

ఇక నాన్నగారి మాట. అందులో సగం నిజం ఉంది. వోల్టా తన ఘటమాలను, అంటే తొలి బ్యాటరీని ప్రకటించింది 1800లో. అదే ఏడాది నికల్సన్, కార్లైల్ దానితో నీటిని విడగొట్టారు. 1807లో డేవీ పొటాషియం, సోడియంలను వేరు చేశాడు. ఆయన దగ్గర సహాయకుడిగా చేరిన ఫారడే 1830లలో విద్యుద్విశ్లేషణ నియమాలను ఇచ్చాడు. పుస్తకాల బైండింగు పని నేర్చుకున్న ఆయనకు గణితం అంతంతమాత్రమే. అయినా ఆ నియమాలు ఇప్పటికీ ప్లేటింగ్ కర్మాగారాల్లో రోజూ పనిచేస్తున్నాయి. 1 ఆంపియర్ విద్యుత్తును గంటసేపు పంపితే సుమారు 1.1 గ్రాముల నికెల్ పూత పడాలి. తూకం వేస్తే 1 గ్రామే ఉందనుకోండి, మిగతా విద్యుత్తు ఎక్కువగా హైడ్రోజన్‌ను పుట్టించడానికి పోయినట్టు లెక్క. ఆ హైడ్రోజన్ దృఢమైన ఉక్కులోకి చొరబడితే లోహం పెళుసుబారుతుంది. తక్కువ పడిన ఆ కొంచెం ఎటు పోయిందో చెప్పగలిగిన మనిషికి ఉద్యోగం ఉంటుంది.

నాన్నగారు చూడని మిగతా సగం నెర్న్‌స్ట్ తర్వాత మొదలవుతుంది. 1889 నాటి ఆయన సమీకరణం చర్య జరుగుతుందా, ఎన్ని వోల్టులు వస్తాయి అన్నది చెబుతుంది. ఎంత వేగంగా జరుగుతుందో చెప్పదు. ఆ దారి 1905లో టాఫెల్ తెరిచాడు, తర్వాత బట్లర్, వోల్మర్ దాన్ని సిద్ధాంతంగా నిలబెట్టారు. డిగ్రీ పాఠాలు చాలావరకు నెర్న్‌స్ట్ దగ్గరే ఆగిపోతాయి. ఉద్యోగాలు ఎక్కువగా ఉన్నది మాత్రం ఆ అవతలే. ప్రమాణ పరిస్థితుల్లో నీటిని విడగొట్టడానికి సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు చాలు. నీటి నుంచి హైడ్రోజన్ తీసే నిజమైన యంత్రం, ఎలక్ట్రోలైజర్, 1.8 వోల్టులకు అటూ ఇటూ అడుగుతుంది. ఆ తేడాలో పెద్ద వాటా ఓవర్‌పొటెన్షియల్‌ది (చర్యను తగినంత వేగంగా నడపడానికి అదనంగా ఇవ్వాల్సిన వోల్టేజి), మిగతాది నిరోధానిది. మంచి ఉత్ప్రేరకంతో అందులో పదోవంతు వోల్టు తగ్గించగలిగినా హైడ్రోజన్ ఖర్చు తగ్గుతుంది.

బ్యాటరీల కథ ఇంకా కొత్తది. 1970లలో విటింగ్‌హామ్ లిథియం అయాన్లు పొరల మధ్య దూరి బయటికి రాగల పదార్థాన్ని వాడి చూపాడు. 1980లో గుడెనఫ్ బృందం ధనధ్రువానికి కోబాల్ట్ ఆక్సైడ్‌ను తెచ్చింది. 1985లో యోషినో రెండో వైపు కార్బన్ పదార్థాన్ని పెట్టాడు. 1991లో ఆ లిథియం అయాన్ బ్యాటరీ మార్కెట్‌కు వచ్చింది. ముగ్గురికీ నోబెల్ వచ్చింది 2019లో. కోబాల్ట్ ఆక్సైడ్ పని చేసేనాటికి గుడెనఫ్ వయసు అరవైకి దగ్గర, బహుమతి నాటికి 97. ఈ సంగతి ఇంట్లో చెప్పండి.

అయితే అందరూ బ్యాటరీల వైపే పరుగెత్తడం నాకు నచ్చదు. లోహాల తుప్పు నివారణ అంత మెరుపున్న రంగం కాదు, కానీ గొట్టపు మార్గాలు, ఓడలు, వంతెనలు ఉన్నంతకాలం పని ఉంటుంది. దీని చరిత్ర కూడా రుచికరం. 1824లో డేవీ యుద్ధనౌకల రాగి తొడుగుకు జింకు, ఇనుము ముక్కలు తగిలించి తుప్పును ఆపాడు. రాగి కరగడం మానేసింది, దానితో పాటు సముద్ర జీవుల్ని దూరంగా ఉంచే ఆ విషమూ పోయింది. నత్తలూ నాచూ అడుగున పేరుకుని ఓడలు నెమ్మదించాయి. రసాయనం గెలిచి, ఓడ ఓడిందన్నమాట! సెన్సర్లు మరో దారి. 1962లో క్లార్క్, లయన్స్ ప్రతిపాదించిన ఎంజైమ్ ఎలక్ట్రోడ్ ఆలోచన నుంచే నేటి గ్లూకోజ్ మీటర్లు వచ్చాయి. జీవశాస్త్రం కూడా ఇష్టమైతే అటు చూడండి.

గణితం గురించి భయం వద్దు, అలాగని నిర్లక్ష్యమూ వద్దు. లాగరిథమ్‌లు, అవకలనం చేతికి అలవాటు కావాలి. వ్యాపనం (ద్రావణంలో అయాన్లు పాకడం) అర్థం కావాలంటే సులువైన అవకలన సమీకరణాలు, ఇంపిడెన్స్ (ఏసీ విద్యుత్తుకు ఎదురయ్యే నిరోధం) కొలతలకు సంకీర్ణ సంఖ్యలు అవసరం. కొలతల ఫలితాలను గ్రాఫులుగా మార్చేంత పైథాన్ వస్తే మీ పని తేలికవుతుంది.

పీజీకి చోటు ఎంచుకునేటప్పుడు విభాగం పేరు కంటే ఒక్క ప్రశ్న ముఖ్యం: అక్కడ పొటెన్షియోస్టాట్‌ను (ఎలక్ట్రోడ్ వోల్టేజిని అదుపు చేస్తూ విద్యుత్తును కొలిచే పరికరం) విద్యార్థులు స్వయంగా వాడతారా, అద్దాల గదిలో చూసి వస్తారా? చేతికి దొరికితే పొటాషియం ఫెర్రోసైనైడ్ ద్రావణంతో సైక్లిక్ వోల్టామెట్రీ చేయండి, అంటే వోల్టేజిని ముందుకూ వెనక్కీ జరుపుతూ విద్యుత్తును గ్రాఫుగా గీయండి. 25 డిగ్రీల వద్ద గ్రాఫులోని రెండు శిఖరాల మధ్య దూరం సుమారు 59 మిల్లీవోల్టులు ఉండాలని పుస్తకం చెబుతుంది. మీకు 80 రావచ్చు, 100 రావచ్చు. ఎలక్ట్రోడ్‌ను అల్యూమినా పొడితో మళ్లీ నున్నగా రుద్ది, ద్రావణంలో ఉప్పు పెంచి, స్కాన్ వేగం తగ్గించి ఒక్కొక్కటిగా చూడండి. ఆ వెదుకులాట మీకు విసుగనిపించకపోతే పీజీలో ఇదే తీసుకోండి. విసుగనిపిస్తే కెమిస్ట్రీలోనే వేరే విభాగాలు చాలా ఉన్నాయి.