ముల్లు చెప్పే లెక్క, ఇంజను తిరిగే లెక్క

చిరంజీవి మేనల్లుడికి, విజయనగరం నుంచి మీ మావయ్య ఆశీస్సులతో రాస్తున్న ఉత్తరం.

కొత్తగా బిగించిన టాకోమీటరులో (ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటరు) ముల్లు 4200 దగ్గరకు రాగానే ఇంజను ఎక్కిళ్లు పట్టినట్టు ఆగి ఆగి లాగుతోందనీ, శ్రీకాకుళంలో నీ కారుకు పనిచేసిన కుర్రాడు ముల్లు 6000 చూపేదాకా ఇంజను వేగం హద్దు దాటకుండా ఆపే రెవ్ లిమిటరును పెంచేద్దామంటున్నాడనీ రాశావు. దయచేసి ఆ పని ఆపించు. నాకు తోచినంతవరకు లిమిటరు తన పని తాను చేస్తోంది, తప్పు మీటరుది.

స్పార్కును ఒక్కో సిలిండరుకు పంచే డిస్ట్రిబ్యూటరు ఉన్న నీ నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజనులో క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఒక చుట్టు తిరిగేసరికి రెండు స్పార్కులు పడతాయి. బయట కొన్న మీటరు, స్పార్కును పుట్టించే కాయిలు తీగ నుంచి ఆ స్పార్కులనే లెక్కపెడుతుంది. ఇలాంటి మీటర్లకు చాలావాటికి వెనకవైపు 4, 6, 8 అని సిలిండర్ల సంఖ్య ఎంచుకునే చిన్న స్విచ్చు ఉంటుంది. అది 6 మీద ఉండిపోతే, చుట్టుకు మూడు స్పార్కులనుకుని భాగిస్తుంది కనుక, అసలు వేగంలో మూడింట రెండు వంతులే చూపుతుంది. నీ 4200ను ఒకటిన్నరతో హెచ్చవేస్తే 6300 వస్తుంది. మామూలు పెట్రోలు కార్లకు లిమిటరు హద్దు సుమారుగా అక్కడే ఉంటుంది. లిమిటరును నడిపే ఈసీయూ (ఇంజను పనిని అదుపు చేసే చిన్న కంప్యూటరు) నీ మీటరు వంక చూడనే చూడదు, దాని సెన్సరు దానికి వేరే ఉంది. ముల్లు 6000 చూపేదాకా పెంచి ఉంటే ఇంజను 9000 తిరిగేది. పిస్టన్లను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ల మీద పడే లాగుడు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 6300 నుంచి 9000కు పోతే అది రెట్టింపు దాటుతుంది.

నా మాట మీద కాక నీ కళ్లతోనే చూసుకో. రాత్రిపూట షెడ్డులో పాతకాలపు చోకు ఉన్న ట్యూబ్‌లైటు ఒక్కటే వేసి (ఎల్ఈడీ పనికిరాదు, ఇన్వర్టరు మీద వెలిగించినా లెక్క తప్పవచ్చు), క్రాంకు పుల్లీకి నల్లరంగు పూసి, అంచున ఒకేఒక్క తెల్ల గీత పెట్టు. మన కరెంటు 50 సైకిళ్లది కనుక ఆ ట్యూబు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. ఇంజను సరిగ్గా 1500 తిరిగినప్పుడు చుట్టుకు నాలుగు మిణుకులు పడతాయి కనుక పుల్లీ మీద నాలుగు గీతలు, 3000 తిరిగినప్పుడు ఎదురెదురుగా రెండు గీతలు నిలిచిపోయినట్టు మసకగా కనిపిస్తాయి. అవి మెల్లగా జరుగుతుంటే ఏక్సిలరేటరును కాస్త సర్ది, నిలిచాక ముల్లు చూడు. నేను అనుకున్నదే నిజమైతే 1000, 2000 చూపుతుంది. ఒక్క జాగ్రత్త: నిలిచినట్టు కనిపించే ఆ పుల్లీ తిరుగుతూనే ఉంటుంది, వేలు గానీ గుడ్డ గానీ దాని దరికి పోకూడదు.

రోడ్డు మీద సరిచూసుకోవడానికి ఇంకో దారి ఉంది. టైరు మీద, నేల మీద సుద్దతో గుర్తు పెట్టి, కారును ఒక చుట్టు దొర్లించి ఆ దూరం కొలువు. ఫోను జీపీఎస్‌లో గంటకు 60 కిలోమీటర్లంటే నిమిషానికి 1000 మీటర్లు. చుట్టుకొలత 1.8 మీటర్లైతే చక్రం నిమిషానికి 555 చుట్లు తిరుగుతుంది. అప్పుడు వేసి ఉన్న గేరు నిష్పత్తినీ, చక్రాలకు తిప్పుడు అందించే డిఫరెన్షియల్ నిష్పత్తినీ గుణిస్తే 5.4 వచ్చిందనుకో, ఇంజను 3000 దగ్గర ఉండాలి. రణస్థలం వైపు హైవే ఖాళీగా ఉన్నప్పుడు, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టి చూడు. వేగం నిలకడగా ఉండాలి, ఎందుకంటే చిన్న గేరులో గబగబా లాగేటప్పుడు ఏ ముల్లైనా ఇంజను కంటే వెనకబడుతుంది.

  

లిమిటరు ఉందన్న ధైర్యం కూడా ఒక మేరకే. అది పెట్రోలునో స్పార్కునో ఆపగలదు, అంతే. సాలూరు దాటాక ఘాట్ దిగుతూ నాలుగో గేరు నుంచి మూడోదనుకుని రెండోది వేసిన ఒక కారు, నా షెడ్డుకు తాడు కట్టుకుని వచ్చింది. అప్పుడు ఇంజనును తిప్పింది పెట్రోలు కాదు, చక్రాలు. హెడ్డు విప్పితే రెండు వాల్వులు వంగి ఉన్నాయి, పిస్టను మీద వాటి అచ్చు గోరుతో గీసినట్టు నెలవంకలా పడి ఉంది. ఆ బండి లిమిటరు నిక్షేపంగా పనిచేస్తోంది.

ఆ కుర్రాడు లాంచ్ కంట్రోల్ (నిలబడ్డ చోటు నుంచి కారు ఒక్కసారిగా దూకేలా చేసే ఏర్పాటు) పేరుతో స్పార్కు ఆపే పద్ధతి పెడతానంటే అదీ వద్దను. మండని పెట్రోలు సైలెన్సరులోకి పోయి మండి, పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టరును కాల్చేస్తుంది. నలుగురూ ముచ్చటపడే ఆ టపటప చప్పుడు అదే.

ముందు మీటరు విప్పి వెనక స్విచ్చు ఎక్కడుందో చూడు. 4 మీదకు మార్చి, ట్యూబ్‌లైటు కింద 1500, 3000 రెండు చోట్లా ముల్లు ఎక్కడ నిలిచిందో కాగితం మీద రాసి పంపు. అమ్మను అడిగానని చెప్పు.

మీ మావయ్య