సమానత్వం సరే, స్త్రీవాదం వద్దు అనేవారిలో నేనూ ఒకణ్ణి

“స్త్రీ పురుషులు సమానమని నమ్ముతూనే ‘నేను స్త్రీవాదిని కాను’ అనడం సబబేనా? ఆడవాళ్ళలోనే చాలామంది స్త్రీవాదమంటే ఎందుకు ముఖం చిట్లిస్తారు?” అని అడిగారు. ఆ వాక్యాన్ని నేను పాతికేళ్ళపాటు పెళ్ళిళ్ళలో, ఆఫీసు క్యాంటీనులో, రైల్లో, సందర్భం వచ్చినప్పుడల్లా అన్నవాణ్ణి. అన్నందుకు నాకు పైసా ఖర్చు కాలేదు. ఖర్చయ్యే రోజు వచ్చినప్పుడు ఏం చేశానో చెప్తే మీ ప్రశ్నలోని రెండు భాగాలకూ కొంత జవాబు దొరకవచ్చు.

మాది నాయుడుపేట దగ్గర పల్లె. 1990లో ఉద్యోగం కోసం చెన్నై వచ్చి పెరంబూరులో స్థిరపడ్డాను. ఒక ప్రైవేటు కంపెనీ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మా నాన్నగారికి తాతల నాటి ఆరెకరాల మాగాణి ఉండేది. ఆయనకు మేము ముగ్గురం పిల్లలం: 1982లో పెళ్ళయిన అక్క, నేను, 1991లో పెళ్ళయిన చెల్లెలు. అమ్మ 2001లో పోయింది. నాన్నగారు వీలునామా ఏదీ రాయకుండానే 2009లో పోయారు.

మరుసటి సంవత్సరం సంక్రాంతి వెళ్ళిన వారానికి అక్కాచెల్లెళ్ళిద్దరినీ సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి తీసుకువెళ్ళాను. బయట వేపచెట్టు కింద బల్ల వేసుకుని కూర్చున్న దస్తావేజు లేఖరి, పొలంలో వాళ్ళిద్దరి వాటాలనూ నాకు వదిలేస్తున్నట్టు తాను రాసిన విడుదల దస్తావేజును పైకి చదివి వినిపించాడు. “మా సోదరునిపై గల ప్రేమాభిమానములచే, ఎట్టి ప్రతిఫలమూ పుచ్చుకొనక” అన్న చోట చెల్లెలు నేల చూపులు చూసింది. అక్క మాత్రం నవ్వి, “నాకెందుకబ్బయా ఆ మడి? నేనొస్తే నీ ఇంట్లో నాలుగు రోజులు ఉండనిస్తే అదే చాలు” అంది. లోపల వేలిముద్ర వేసి వచ్చాక, గుమాస్తా ఇచ్చిన చిత్తుకాగితం తీసుకోకుండా బొటనవేలి సిరాను తలకు రాసుకుంది. ఇద్దరికీ పసుపు కుంకుమల కింద చెరొక వెంకటగిరి చీర, పదేసి వేల రూపాయలు ఇచ్చి, ఆ సాయంత్రం బండికే చెన్నై తిరిగి వచ్చేశాను. నేను సమానత్వానికి వ్యతిరేకినని ఆ రోజు ఎవరన్నా అని ఉంటే నిజంగానే నొచ్చుకునేవాణ్ణి.

పదేళ్ళు ఈ విషయం ఎవరికీ గుర్తు రాలేదు. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు, ఉమ్మడి ఆస్తిలో కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందనీ, కూతుళ్ళకు సమాన వాటా ఇచ్చిన 2005 సవరణ నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పని లేదనీ తీర్పు చెప్పింది. లాక్‌డౌన్ రోజులు కాబట్టి అందరం ఇంట్లోనే ఉన్నాం. న్యాయశాస్త్రం చదువుతున్న మా అమ్మాయి, తనను తాను స్త్రీవాది అని ఏ తడబాటూ లేకుండా చెప్పుకునే పిల్ల, ఆ వార్త చదివి “మరి అత్తల వాటా ఏమైంది నాన్నా?” అని అడిగింది. వాళ్ళే ఇష్టపడి వదులుకున్నారన్నాను. “ప్రేమాభిమానాలు వాళ్ళకేనా? నువ్వెందుకు వదులుకోలేదు?” అంది. నాకు జవాబు తోచలేదు. తోచనప్పుడు లెక్క వేయడం నాకు అలవాటు.

ఆ లెక్క ఇది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం తాతల ఆస్తిలో కొడుకు పుట్టుకతో వాటాదారు, కూతురు కాదు. అంటే ముందు నాన్నకూ నాకూ మూడేసి ఎకరాలు చొప్పున విడదీసి, ఆ తరువాత నాన్న మూడెకరాలను ముగ్గురికీ పంచాలి. నాకు నాలుగు, వాళ్ళకు చెరొకటి వస్తాయి. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఉండగా వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుక హక్కు ఇచ్చింది గానీ, ఆ చట్టం అమలయ్యేనాటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళను బయట ఉంచింది. దాని ప్రకారం చెల్లెలికీ నాకూ సుమారు రెండెకరాల అరవై ఆరేసి సెంట్లు, అక్కకు అరవై ఆరు సెంట్లే. ఒక చెల్లెలిని పైకి తెచ్చిన చట్టమే ఒక అక్కకు 1956 చట్టం ఇచ్చిన ఎకరాన్ని కూడా తగ్గించిందని కాగితం మీద వేసి చూసేదాకా నాకు తెలియదు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణ పెళ్ళి తేదీతో నిమిత్తం లేకుండా అందరినీ కలిపింది కాబట్టి, 2009లో న్యాయంగా తేలవలసిన లెక్క రెండు, రెండు, రెండు. (అమ్మ ముందే పోయింది కాబట్టి మా ఇంట్లో ఇలా తేలింది, తల్లి ఉన్న ఇంట్లో వేరుగా ఉంటుంది.) నేను చేయించిన దస్తావేజు ప్రకారం ఆరు, సున్న, సున్న. చట్టం యాభై ఏళ్ళు నడిచి వచ్చిన దూరాన్ని నేను ఒక్క పూటలో వెనక్కి నడిచాను.

ఇది తెలుగువాళ్ళ సంగతి మాత్రమే కాదు. ఇదే మద్రాసు రాష్ట్రంలో 1921లో ఆడవాళ్ళకు ఓటు ఇచ్చినప్పుడు మగవాళ్ళకున్న ఆస్తి నిబంధనే వాళ్ళకూ పెట్టారు. ఆస్తి లేనివాళ్ళకు ఆ ఓటు వల్ల ఒరిగింది లేదు. 1929లో చెంగల్పట్టులో పెరియార్ ఆధ్వర్యంలో జరిగిన ఆత్మగౌరవ మహాసభ స్త్రీలకు ఆస్తిలో సమాన హక్కు ఇవ్వాలని తీర్మానించింది. తమిళనాడు చట్టం వచ్చేసరికి 1989 అయింది. తీర్మానానికీ చట్టానికీ మధ్య అరవై ఏళ్ళు పట్టింది. చట్టానికీ మా ఎదురింటి తమిళుల కుటుంబానికీ మధ్య దూరం ఇంకా తీరినట్టు లేదు.

చెల్లెలికి ఫోను చేసి రెండెకరాలు తిరిగి రాసిస్తానన్నాను. “అప్పుడే అడగవలసింది, నోరు రాలేదు” అంది, మరో మాట లేకుండా ఒప్పుకుంది. అడ్డుపడింది మా ఆవిడ. నేను మొదట స్వార్థమనుకున్నాను. “మా అన్నలు నా చేత ఇలాంటి సంతకమే పెట్టించుకున్నారు. పుట్టింటి వాటా అక్కడ వదిలేసి వచ్చాను, ఇప్పుడు ఇక్కడిది మీ వాళ్ళకు ఇచ్చేస్తే నాకు మిగిలేదేమిటి? మీ ఫ్లాటు మీ పేరు మీదే ఉంది కదా” అంది. మీ ప్రశ్నలోని రెండో భాగం నాకు అర్థమైంది ఇక్కడే. స్త్రీవాదమంటే ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ మాట అని మా ఆవిడ ఎప్పుడూ విసుక్కునేది. ఆమెకు సమానత్వం మీద కోపం కాదు. దానికి చెల్లించవలసిన మొదటి వాయిదా ప్రతిసారీ తన దగ్గరే ఎందుకు వసూలు చేస్తారన్నది ఆమె కోపం.

2019 వేసవిలో నగరంలో నీళ్ళు లేక మెట్రో వాటరు లారీ ఏ వేళకు వస్తే ఆ వేళకు బిందెలతో కిందికి పరుగెత్తింది ఆమే. నేను మూడో అంతస్తు కిటికీలోంచి లారీ వచ్చిందని కేక వేసేవాణ్ణి. అదే ఏడాది జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. ఆ 97 కూడా మగవాళ్ళందరి సగటు కాదు, అసలు ఆ పని ముట్టుకునే 26 శాతం మందిది. కేక వేయడాన్ని సర్వేవాళ్ళు ఏ పద్దులో రాసుకున్నారో మరి.

2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. భర్త సౌదీలో సంపాదిస్తుంటే ఇక్కడ ఇల్లూ పిల్లలనూ చూసుకున్న భార్య చాకిరీ కూడా ఆస్తి సంపాదనలో భాగమేననీ, ఆ ఆస్తిలో ఆమెకు సగం వాటా ఉందనీ దాని సారం. మా ఆవిడ ఆ వార్తను కత్తిరించి, ఏమీ అనకుండా, ఫ్లాటు పత్రాలుండే కవరులో పెట్టింది. 2024లో ముందు ఫ్లాటులో సగం ఆమె పేర రాయించాను, ఆ తరువాతే చెల్లెలి రెండెకరాలు రిజిస్టరయ్యాయి. ఈసారి ఎవరూ అడ్డు చెప్పలేదు.

నాతో పనిచేసిన మిత్రుడొకరు, ఈ చట్టాలన్నీ చివరికి మగవాళ్ళను వేధించడానికే పనికొస్తున్నాయనీ, కోడలిని వేధించారంటూ పెట్టే 498ఏ కేసుల్లో ముసలివాళ్ళను కూడా ఇరికిస్తున్నారనీ అంటారు. ఆ బాధ వట్టిది కాదు. యాంత్రికంగా అరెస్టులు చేయవద్దని 2014లో సుప్రీంకోర్టే చెప్పవలసి వచ్చింది. అయితే ఆ మిత్రుడి ఇద్దరు చెల్లెళ్ళ విడుదల దస్తావేజులు ఆయన బీరువాలోనే ఉన్నాయి. వాటి గురించి మాట్లాడుకునేటప్పుడు చట్టం దుర్వినియోగం అనే మాట ఆయన నోట రాదు, నా నోట కూడా చాలాకాలం రాలేదు.

ఇక అక్క. ఆమె వాటా ఇంకా నా పేరు మీదే ఉంది. రెండెకరాల కౌలు ఏటా ఆమె ఖాతాలో వేస్తున్నాను, ఆమె దాన్ని పండగ డబ్బులంటుంది. ఎన్నిసార్లు అడిగినా దస్తావేజు వద్దనేసరికి, మా అమ్మాయి దాన్ని అణచివేతకు అలవాటు పడిపోవడం అంది, నేను అక్క మంచితనం అనుకున్నాను. మొన్న దసరాకు వచ్చినప్పుడు, రాత్రి భోజనాలయ్యాక నన్ను ఒక్కణ్ణే బాల్కనీలోకి పిలిచి, “నా పేరున వద్దబ్బయా. రాసేదయితే మా పిల్ల పేరున రాయి. నా పేరునుంటే మా వాడు కూడా నన్ను ఆ వేపచెట్టు కాడికే తీసకపోతాడు” అంది.