కటువైన మనిషి ప్రేమకథ ఎందుకు కదిలిస్తుంది?

‘యాజ్ గుడ్ యాజ్ ఇట్ గెట్స్’ చూసిన గుంటూరు మిత్రుడొకరు, అందరినీ నోటికొచ్చినట్టు అనే కథానాయకుడి మీద చివరికి అభిమానం ఎలా కలుగుతుందని అడిగారు.

జేమ్స్ ఎల్. బ్రూక్స్ దర్శకత్వంలో 1997లో వచ్చిన ఈ చిత్రంలో జాక్ నికల్సన్ పోషించిన మెల్విన్, ప్రేమ నవలలు రాస్తూనే మనుషులను దగ్గరకు రానివ్వని రచయిత. మన అరండల్‌పేట టిఫిన్ హోటల్లో రోజూ అదే బల్ల, అదే సర్వర్ కావాలని పట్టుబట్టే పెద్దమనిషిని ఊహించుకోండి. మెల్విన్ చెంచాలు కూడా ఇంటి నుంచే తెచ్చుకుంటాడు. ఆ కటువుదనం వెనక ఓసీడీ (అవే ఆలోచనలు, అవే పనులు మళ్ళీ మళ్ళీ చేయించే మానసిక రుగ్మత), దానితో పాటు భయం ఉన్నాయని దర్శకుడు ఉపన్యాసంతో కాక, తలుపు గడియను పదే పదే తిప్పడం, కాలిబాట మీది పగుళ్ళు తొక్కకుండా నడవడం వంటి చేష్టలతో చూపిస్తాడు.

నా దృష్టిలో అసలు కీలకం, అతడు పూర్తిగా మారిపోకపోవడమే. హెలెన్ హంట్ పోషించిన క్యారల్, ఉబ్బసంతో బాధపడే కొడుకును ఒంటరిగా పెంచుకుంటున్న వెయిట్రెస్. మారాలన్న మెల్విన్ ప్రయత్నాన్ని గుర్తిస్తుంది గాని, అతడి మాటలు చేసిన గాయాన్ని తేలిగ్గా తీసుకోదు. అందుకే ఆ తీపిలో చేదు కూడా తగులుతుంది. ఇద్దరికీ ఆస్కార్ దక్కడం ఎంతో సముచితం. చివర్లో, ఇంకా తెల్లవారకముందే ఆమెతో రొట్టెల దుకాణంలోకి అడుగుపెడుతూ, అతడు తనకు తెలియకుండానే పగులు మీద కాలు వేస్తాడు.